కారణం రాసే గడి

పోయిన వారం డ్రాయింగ్ మాస్టార్ని విజిటర్ల గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే ఉన్నారాయన, ఒక చేతిలో కళ్లజోడు, ఇంకో చేతిలో రంగు మరకల గుడ్డ పట్టుకుని. లోపల ఎవరో ఈల వేశారు. ఇరవయ్యారేళ్ల కిందట విన్న ఈల అది. అది వేసేవాడి కోసమే నెల రోజులుగా ఆయన ఊరంతా గాలిస్తున్నారు.

ముందు భాగాలు తప్పిపోయినవాళ్లు కంగారు పడక్కర్లేదు, ఉన్నది నాలుగు ముక్కలే. ఇది ఫాదర్లు నడిపే మగపిల్లల హైస్కూలు. రెండు సంగతుల్లో దీనికి పేరు. పదో తరగతిలో నూటికి నూరు మందీ పాసవుతారు, ఏళ్ల తరబడి ఒక్కడూ తప్పలేదు. రెండోది, ఈ గేటు అందరికీ తెరుచుకుంటుంది. చాపెల్లో మోకరిల్లేవాళ్లూ, చాపెల్ గడప తొక్కనివాళ్లూ, ఇంట్లో తలా ఒక భాష మాట్లాడేవాళ్లూ, కార్లలో దిగేవాళ్లూ, క్వారీ వీధి నుంచి కాలినడకన వచ్చేవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. పేరు చెప్పగానే మనిషి పుట్టుపూర్వోత్తరాలు బయటపడిపోతాయని, బడి పెట్టిన పెద్ద ఫాదర్ ఒక ఆనవాయితీ పెట్టి పోయారు. చేరిన రోజే ప్రతివాడికీ ఒక బడిపేరు పెడతారు. ఇక గేటు లోపల అసలు పేరు ఎవరూ ఎత్తరు. హాజరు నంబర్లతో, పిలుపు బడిపేరుతో. ఫాదర్లదీ అదే వరస, మాస్టార్లదీ అదే వరస.

ఈ గొప్పంతా ఒక్క ఫోటోలో ఇమిడి ఉంది. చాపెల్ మెట్ల మీద ముగ్గురు పిల్లలు భుజాల మీద చేతులు వేసుకుని నిలబడ్డ ఫోటో. పొడుగు, బొండాం, మధ్యలో ఈల. తీసింది మన మాస్టారే. ఏటా ప్రాస్పెక్టస్ అట్ట మీద అదే, విజిటర్ల గది గోడ మీద అదే. మధ్యలో ఉన్న క్వారీ వీధి కుర్రాడి నవ్వు చూసి ఎంతమంది తల్లిదండ్రులు ఫారాలు నింపారో లెక్కలేదు. ఇప్పుడా ఫోటోను నిలువెత్తు చేసి ముందు గోడకి ఎక్కిస్తున్నారు. శుక్రవారం ఆదర్శ పాఠశాలలను ఎంపిక చేసే కమిటీ వస్తోంది. ఆ ముగ్గుర్నీ వెతికి వేదిక మీద నిలబెట్టమని ప్రిన్సిపాల్ ఫాదర్ మాస్టార్ని పురమాయించారు. పొడుగు ఇప్పుడు ఓడల్లో ఇంజనీరు, దొరికాడు. బొండాం పళ్ల డాక్టరు, దొరికాడు. మూడోవాడే జాడ లేకుండా పోయాడు.

ఇదిగో, వచ్చాడు. నీలం రంగు పనిబట్టల్లో, జేబు మీద లిఫ్టుల కంపెనీ గుర్తుతో, చెవుల దగ్గర నెరిసిన జుట్టుతో తన ఫోటో కిందే నిలబడి ఉన్నాడు.

"ఒరే ఈలా!" అన్నారు మాస్టారు. ఆయన గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"గుర్తుపట్టారా సార్?"

"ఈల వేశాక కూడా పట్టకపోతే ఇంకెందుకురా ఈ చెవులు? ఎక్కడెక్కడ వెతికించానో తెలుసా? ఆ మూడోవాడు దొరికేదాకా మీకు అన్నం సహించదులెండి అని ఇంట్లో మా ఆవిడ రోజూ దెప్పడమే. కూర్చో, కూర్చో. ఏం చేస్తున్నావు?"

"లిఫ్టులు బాగుచేస్తుంటా సార్. మధ్యలో ఇరుక్కున్నవాళ్లని బయటికి తీస్తుంటా."

"భేషైన పని! వేదిక మీద ఈ ముక్క చెప్పాలి నువ్వు. శుక్రవారం పదింటికి. పొడుగూ బొండామూ వస్తున్నారు. మళ్లీ అవే మెట్ల మీద నిలబెట్టి, అదే ఫోటో ఇంకోసారి తీస్తా. నువ్వు మాత్రం ఆ నవ్వు నవ్వాలి సుమా. ఆ నవ్వు లేకపోతే ఫోటోలో ఏముందిరా!"

మాస్టారు ఆనందం పట్టలేక వాగుతూనే ఉన్నారు. ఎదుటివాడు కూర్చోలేదన్న సంగతి ఆయనకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"సార్, ఈ ఫోటో ఏ రోజున తీశారో గుర్తుందా?"

"గుర్తెందుకు, కింద రాసే ఉందిగా." నిజమే. ఫ్రేము కింది మూలన తేదీ ఉంది, మాస్టారి చేతిరాతలో. ఆయన అక్షరాలు ముత్యాలు. ఆ ముత్యాల కోసమే బడిలో బహుమతి పత్రాలూ, బోర్డులూ, సర్టిఫికెట్లూ అన్నీ ముప్ఫయ్యేళ్లుగా ఆయన నెత్తినే పడుతున్నాయి. పడుతున్నాయని పైకి విసుక్కుంటారు గానీ, లోపల మహా ముచ్చట ఆయనకి.

ఈల జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అంటించిన టీసీ. మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. పైన పొడవాటి పేరు ఒకటి, ఆయనెప్పుడూ విన్నది కాదు. కింద తేదీ చూశారు. తలెత్తి ఫోటో మూల చూశారు. మళ్లీ కాగితం చూశారు.

"అదే రోజు," అన్నాడు ఈల. "పొద్దున్న తొమ్మిదింటికి ఇది నా చేతిలో పెట్టారు. ఆఫీసులో టై విప్పి ఇచ్చేశా. వెళ్లిపోయేవాడు టై అప్పజెప్పి పోవాలి కదా, మన బడిలో రూలు. మా నాన్న గేటు బయట నించుని ఉన్నాడు. నేను గేటు దాకా వెళ్లా. వెనకనుంచి మీరు కేకేశారు, ఒరే ఈలా, ఇలా రా అని."

మాస్టారికి ఆ పొద్దు అంతా కళ్ల ముందుకొచ్చింది. కొత్త కెమెరా. మంచి ఎండ. పొడుగునీ బొండాన్నీ మెట్ల మీద నిలబెట్టాక, ఇంకొకడు ఉంటే నిండుగా ఉంటుందనిపించింది. క్వారీ వీధి పిల్లాడైతే మరీ బాగుంటుందనిపించింది. అటు చూస్తే గేటు దగ్గర ఈల.

"మెడలో టై లేదేంట్రా అని తిట్టారు నన్ను. మీ బీరువాలోంచి ఒకటి తెచ్చి మీరే కట్టారు. చూడండి, ఆ ఇద్దరి ముడీ ఒక రకం, నా ముడి ఒక రకం."

ఇరవయ్యారేళ్లుగా రోజూ చూస్తున్న ఫోటో. బొమ్మలు గీసే కళ్లు ఆయనవి. ఆ ముడి తేడా ఏనాడూ ఆయన కంటబడలేదు.

"మరి నువ్వు... చెప్పొచ్చు కదరా? నాకు టీసీ ఇచ్చేశారు సార్ అని ఒక్క ముక్క?"

"ఎందుకు చెప్తాను సార్?" ఈల మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. "మీరు పిలిచారు. టై కట్టారు. పొడుగు మీద చెయ్యి వెయ్యమన్నారు. నేనేమనుకున్నానో తెలుసా? మనసు మార్చుకున్నారనుకున్నా. మళ్లీ ఉంచేసుకుంటున్నారనుకున్నా. ఆ నవ్వు నవ్వింది అందుకే సార్."

మాస్టారు తలెత్తి ఫోటో వంక చూశారు. గోడ మీద కుర్రాడు మాత్రం హాయిగా నవ్వుతూనే ఉన్నాడు.

"ఫోటో అయ్యాక టై విప్పించుకుని, ఇంక పద అన్నారు. క్లాసుకి పద అన్నారేమోనని అటు రెండడుగులు వేశాను కూడా. బెల్లు కొట్టారు, అందరూ లోపలికెళ్లారు. నేను గేటు వైపు తిరిగా. తప్పు మీదని అనట్లేదు. మీకు తెలీదని నాకు అప్పుడే తెలుసు."

తెలీదు. ఆ మాటే మాస్టారు పట్టుకుందామనుకున్నారు. నాకు తెలీదురా నాయనా, నామీద ఒట్టు అనబోయారు. అంతలో ఈల వేలు కాగితం కిందికి జారింది. 'బడి మానుటకు కారణం' అన్న గడి దగ్గర ఆగింది. 'తండ్రి కోరిక మేరకు' అని ఉంది అక్కడ, ముత్యాల్లాంటి అక్షరాలతో.

"మా నాన్నకి ఒక్కటే కోరిక ఉండేది సార్, నేను ఈ బడిలో పదో తరగతి గట్టెక్కాలని. ఆయనకి చదవడం రాదు. ఈ గడిలో ఏం రాసుందో నేను చెప్పలేదు. పోయేదాకా చెప్పలేదు."

రాసింది మాస్టారే. ముందు రోజు సాయంత్రం ఆఫీసు నుంచి ఒక జాబితా వచ్చింది, అన్నీ అసలు పేర్లు. ఏటా వస్తుంది అలాగే. తొమ్మిదో తరగతి చివర్లో, పదిలో తప్పుతారనుకున్నవాళ్ల ఇళ్లకి కబురు వెళ్తుంది, మీ అబ్బాయిని ఇంకెక్కడైనా చేర్చుకోండి అని. తప్పేవాడు ముందే వెళ్లిపోతే మిగిలినవాళ్లు నూటికి నూరు మందీ పాసవుతారు, అందులో ఏముంది వింత? ఈ సంగతి స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. మాస్టారు కూడా ఏనాడూ పట్టించుకోలేదు. జాబితాలో పేర్లు ఆయనకి ఎవరివీ కావు. పిల్లల్ని ఆయన ఈల అనీ, బొండాం అనీ ఎరుగుదురు. ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియకూడదని పెద్ద ఫాదర్ పెట్టిన ఆ చక్కటి ఆనవాయితీయే ఆయన కళ్లకి గంతలు కట్టింది. సాయంత్రం టీసీ రాసి, పొద్దున్నే ఆ పిల్లాడి మెడలో టై కట్టాడీ మహానుభావుడు!

"శుక్రవారం నువ్వు రావద్దులేరా," అన్నారు మాస్టారు, టీసీని మెల్లగా అతని వైపు జరిపి. "నేను ఫాదర్‌కి చెప్పుకుంటాను. ఏ మొహం పెట్టుకుని రమ్మంటాను నిన్ను?"

"రావాలి సార్. నన్ను ఎలాగూ రమ్మన్నారు, ఇంకో పని మీద."

రెండో కాగితం తీశాడు. ఇది కొత్తది, జిరాక్స్. పేరూ పుట్టిన తేదీ సరిచూసుకోమని ఆఫీసువాళ్లు ఇళ్లకి పంపే నకలు. కింద సంతకం ఇంకా పడలేదు. కారణం గడిలో అదే ముక్క, అవే ముత్యాలు. సోమవారం మధ్యాహ్నం రాసినవి. పదకొండు రాశారు మాస్టారు, మధ్యలో ఒకసారి టీ తాగి.

"ఎవరిదిరా ఇది?"

"మా వాడిది. తొమ్మిదిలో ఉన్నాడు. ఇక్కడ వాణ్ణి పుర్రచెయ్యి అంటారట."

మాస్టారు డ్రాయింగ్ గది వైపు తల తిప్పారు. ఆయన ఇప్పుడు వచ్చింది వాడి పక్కనుంచే. డ్రాయింగ్ గదిలో ఎడం చేత్తో కుంచె పట్టుకుని, నాలుక బయటపెట్టి, చాపెల్ గోపురానికి ఆఖరి రంగులు వేస్తున్నాడు వాడు. శుక్రవారం కమిటీకి బహుమతిగా ఇచ్చే బొమ్మ అది. దాన్ని వాడి చేతే ఇప్పించాలని, ముందు వరసలో వాణ్ణే నిలబెట్టాలని ఫాదర్ స్వయంగా అన్నారు. సాయంత్రం నాలుగింటికి బొమ్మ పట్టుకొచ్చి చూపించమన్నారు కూడా. లెక్కల్లో వాడు మొద్దే, ఒప్పుకోవాలి. బొమ్మలో మాత్రం వాడి చెయ్యి మాస్టారి చేతిని ఎప్పుడో దాటిపోయింది.

"నువ్వే తెచ్చి ఇక్కడ చేర్చావా? ఇంత జరిగాక?"

"వాళ్లమ్మ చేర్చింది. నేను అడ్డు చెప్పలేదు. ఎందుకంటే..." ఈల ఫోటోలోని మెట్లు చూపించాడు. "ఆ మెట్ల మీద నించున్న పది నిమిషాలు ఉన్నాయి చూశారా, అంత బాగా నన్ను ఇంకెవరూ చూసుకోలేదు సార్. వాడికైనా ఆ పది నిమిషాలు పదేళ్లు దొరుకుతాయేమో అనుకున్నా. నేనిక్కడ చదివానని వాడికి చెప్పలేదు. రోజూ ఈ ఫోటో ముందునుంచే వెళ్తాడు. అందులో ఉన్నది నాన్నని తెలీదు వాడికి."

"వాడిది నేను ఆపిస్తాను. ఇప్పుడే వెళ్తాను. నీ కొడుకని చెప్తే ఫాదర్ కాదనరు, ఆయన మంచివారు."

"అదే వద్దు సార్." ఈల లేచి నిలబడ్డాడు. "నా కొడుకని చెప్పొద్దు. ఫోటో కోసం ఉంచుకున్నారని రేపు ఎవరైనా వాడి మొహాన అంటే? పదకొండు మందిని పంపుతున్నారట. ఆపితే పదకొండూ ఆపండి. లేదంటే శుక్రవారం పదింటికి వచ్చి నేను సంతకం పెట్టేస్తా, ఆ వేదిక ఎక్కమన్నా ఎక్కుతా. ఏది ముందు చెయ్యమంటారో మీరే తేల్చండి."

కాగితాలు కవర్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. కోపంగా వెళ్లి ఉంటే మాస్టారికి కాస్త తేలిగ్గా ఉండేది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి మరీ వెళ్లాడు.

ప్రిన్సిపాల్ ఫాదర్ వయసులో మాస్టారికంటే పదేళ్లు చిన్న. వచ్చి రెండేళ్లే అయింది. పిల్లల బూట్లు చిరిగితే తనే గమనిస్తారు, పొద్దున్నే మెట్ల మీద నిలబడి ప్రతివాడినీ బడిపేరుతో పలకరిస్తారు. మాస్టారిది ఆ మతం కాదు. అయినా ఈ బడిలో ఇన్నేళ్లలో చూసిన ఫాదర్లలో ఈయనంటేనే ఆయనకి గురి ఎక్కువ.

"ఏంటి మాస్టారూ, మొహం అలా ఉంది? పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వచ్చినవాళ్లలా ఉన్నారు," అన్నారు ఫాదర్ నవ్వుతూ.

"మా ఇళ్లలో ఆ అలవాటు లేదు ఫాదర్. కానీ ఇవాళ వచ్చింది దానికే అనుకోండి."

ఫోటో కథంతా చెప్పారు. టీసీ, టై, పిలుపు, నవ్వు, ఏదీ దాచలేదు. కొడుకు సంగతి ఒక్కటి మాత్రం ఈల కోరినట్టే మింగేశారు. ఫాదర్ వింటున్నంతసేపూ బల్ల మీద పేపరువెయిటు తిప్పుతూ ఉండి, నవ్వు దగ్గరికి వచ్చేసరికి తిప్పడం ఆపేశారు.

"దేవుడా!" అన్నారు మెల్లగా.

"పాతది సరే ఫాదర్. నా సొరుగులో పదకొండు ఉన్నాయి. వాటి సంగతి చూడండి."

"ఆ పద్ధతి నేను పెట్టింది కాదు మాస్టారూ."

"తెలుసండి. రాయడం కూడా నేను మొదలుపెట్టింది కాదు. నాకు ముందు ఇంకొకాయన రాసేవారు."

ఫాదర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. బయట ముందు గోడకి కర్రలు కట్టి, నిలువెత్తు ఫోటో ఎక్కించడానికి మేకులు కొడుతున్నారు. "ఒక మాట చెప్పనా? కోప్పడకుండా వినండి. వచ్చే ఏడాది పదిలో ఈ పదకొండు మందీ తప్పారనుకోండి. పేపర్లో వస్తుంది. ఆ మరుసటి ఏడాది బాగా చదివే పిల్లలందరూ రోడ్డవతల బడికి పోతారు. అప్పుడు క్వారీ వీధి పిల్లాడికి మనం ఏం ఇస్తాం? ఈ బడిలో చదివాడంటే రేపు ఎక్కడైనా ఒక గౌరవం, అదేగా వాడికి మనమిచ్చేది? ఆ గౌరవమే పోతే, గేటు అందరికీ తెరిచి ఏం లాభం? పదకొండు మందిని నేను చూడట్లేదనుకుంటున్నారు మీరు. నేను పదకొండు వందల మందిని చూడాలి."

మాట కొట్టిపారేసేది కాదు. మాస్టారు కూడా ఆలోచనలో పడ్డారు. ఇన్నేళ్లుగా ఆయన జీతం తిన్నదీ, ఊళ్లో తలెత్తుకు తిరిగిందీ ఆ పేరు మీదేగా.

"ఆ పదకొండు వందల మందిలో ఈ పదకొండు మంది లేరా ఫాదర్?"

ఫాదర్ కిటికీ దగ్గరే నిలబడి మేకులు కొట్టేవాళ్ల వంక చూస్తున్నారు.

"ఇప్పుడు వస్తూ వస్తూ ఆ పేర్లు చదివాను. ఇన్నాళ్లూ రాశాను గానీ చదవలేదు. అసలు పేర్లు కదా, చదివితే అన్నీ తెలుస్తాయి. ఎవరి ఇంట్లో ఏ భాషో, ఎవరు ఏ దేవుడికి దణ్ణం పెడతారో, ఎవరు ఏ వీధో. మన ప్రాస్పెక్టస్‌లో గొప్పగా చెప్పుకుంటామే, అన్ని రకాల పిల్లలూ ఉన్నారని? ఉన్నారు ఫాదర్, నిజంగానే ఉన్నారు. నా సొరుగులో ఉన్నారు. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలే వెనకబడతారు, వెనకబడినవాణ్ణి మనం పంపేస్తాం. తొమ్మిదో తరగతి దాకా అన్ని రకాలూ. పదికి వచ్చేసరికి ఒకటే రకం."

"అదనపు క్లాసులు పెట్టాం కదా మాస్టారూ!"

"ఎవరికి పెట్టాం? తొంభై వచ్చేవాడికి తొంభై అయిదు రావడానికి పెట్టాం."

ఫాదర్ మొహం ఎర్రబడింది. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. గొంతు మాత్రం పెంచలేదు. "సంతకం పెట్టేది నేను. తప్పుంటే నాది, దేవుడి ముందు నేను చెప్పుకుంటాను. మీరు మనసు కష్టపెట్టుకోకండి. ఆ కాగితాలు ఇవాళ నాలుగింటికల్లా నా బల్ల మీద ఉండాలి. శుక్రవారం ఆ పిల్లల తల్లిదండ్రులు వస్తున్నారు."

"సంతకం మీదే ఫాదర్. అక్షరాలు నావి కదా," అన్నారు మాస్టారు. అని, లేచి వచ్చేశారు.

డ్రాయింగ్ గదిలో పుర్రచెయ్యి గోపురం మీద పావురం వేయాలా వద్దా అని తెగ మథనపడుతున్నాడు. "వెయ్యనా సార్?" అన్నాడు. "నీ బొమ్మ, నీ ఇష్టం," అన్నారు మాస్టారు. వాడు ఆశ్చర్యపోయాడు. ఆ మాట ఆయన నోట వాడు విన్నది అదే మొదటిసారి మరి.

మాస్టారు తన బల్ల దగ్గర కూర్చుని సొరుగు తీశారు. పదకొండు టీసీలు. పక్కన ఖాళీ ఫారాల పుస్తకం. ఆఫీసుకి పోయి తలనొప్పిగా ఉందని చెప్పొచ్చు, రాయనని మొండికెయ్యొచ్చు. ఈయన కాకపోతే గుమాస్తా రాస్తాడు, అక్షరాలు కాస్త వంకరగా ఉంటాయి, అంతే తేడా. పాత పదకొండూ తీసి పక్కన పెట్టారు. తర్వాత ఖాళీ ఫారం ఒకటి చింపి ముందు పెట్టుకుని, కొత్త పాళీ వేసి, పేరు రాశారు. పుట్టిన తేదీ రాశారు. కారణం గడి దగ్గరికి వచ్చేసరికి పాళీని గుడ్డతో ఒకసారి తుడిచారు. ఈసారి ఒక్కో పేరూ పైకి చదువుతూ రాశారు, గొంతు బయటికి రాకుండా.

నాలుగయ్యేసరికి పదకొండూ ఆరాయి. తీసుకెళ్లి ఫాదర్ ముందు వరసగా పరిచారు, బల్ల నిండిపోయింది.

ఫాదర్ పెన్ను మూత తీసి మొదటి కాగితం మీదికి వంగారు. వంగినవారు ఆగిపోయారు. కారణం గడిలో ఇలా ఉంది: 'పదవ తరగతి తప్పి బడికి చెడ్డపేరు తెస్తాడేమోనన్న భయంతో మేమే పంపివేస్తున్నాము.' మాస్టారు జీవితంలో అంత అందంగా ఇంకేదీ రాయలేదు.

రెండోది చూశారు, మూడోది చూశారు. అన్నింటిలో అదే వాక్యం.

ఇంక అయిపోయింది, దీని కింద ఏ మనిషీ సంతకం పెట్టలేడు అనుకున్నారు మాస్టారు. ఆ ధైర్యంతోనే వచ్చారాయన.

"నిజమే రాశారు మాస్టారూ," అన్నారు ఫాదర్, తలెత్తకుండా. "ఇన్నేళ్లకి ఎవరో ఒకరు నిజం రాశారు. నిజం కింద సంతకం పెట్టడానికి నాకు భయం లేదు."

పెట్టేశారు. కాగితం పక్కన పెట్టి రెండోది లాక్కున్నారు. దాని మీదా పెట్టారు. సిగ్గుపడి ఆగుతాడనుకున్న మనిషి, సిగ్గుపడుతూనే సంతకాలు పెట్టుకుంటూ పోతున్నాడు! తను రాసిన నిజం ఎవరినీ ఆపలేదు. నకలు తీసి ఇంటికి పంపితే ఆ పిల్లలే చదువుకుంటారు దాన్ని. ఎంత పని చేశాను రా భగవంతుడా అనుకున్నారు.

మూడోది కూడా అయిపోయింది. నాలుగో కాగితం ముందుకొచ్చింది. ఫాదర్ పెన్ను ఆనించబోయి, ఎందుకో పేరు వైపు చూశారు. పొడవాటి పేరు. పెదవులు కదుపుతూ ఒకసారి చదువుకున్నారు.

"పేరు చూస్తే పిల్లాడు కళ్లకి కట్టట్లేదు. వీడి బడిపేరేమిటి మాస్టారూ?"

ఆ ప్రశ్న ఈ బడిలో ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఎవరి కొడుకో చెప్పొద్దన్నాడు ఈల. బడిపేరు చెప్పొద్దనలేదు.

"పుర్రచెయ్యి, ఫాదర్."

పెన్ను కాగితానికి తగిలీ తగలకుండా ఆగిపోయింది. సంతకం గడిలో ఒక సిరా చుక్క పడి, మెల్లగా చుట్టూ పాకడం మొదలుపెట్టింది. ఫాదర్ తలెత్తి మాస్టారి వంక చూశారు. ఆయన కళ్లలో ఏముందో చదివేలోపే తలుపు మీద చప్పుడైంది.

జవాబు కోసం ఆగకుండా, భుజంతో తలుపు నెట్టుకుని వాడు లోపలికొచ్చాడు. రెండు చేతుల్లో బొమ్మ, ఇంకా తడిగానే ఉంది. గోపురం మీద పావురం వేశాడు. ఆ పావురం మెడలో, చమత్కారానికి, బడి టై కట్టాడు. ఇద్దరి మొహాల్లోకీ చూసి, నవ్వుతారేమోనని తనే ముందు నవ్వాడు. మాస్టారు ఆ నవ్వు చూసి కళ్లు దించుకున్నారు. గోడ మీద ఇరవయ్యారేళ్లుగా ఉన్న నవ్వే అది, అచ్చం అదే.

వాడు బల్ల దగ్గరికి వచ్చాడు. పరిచి ఉన్న కాగితాల మీదికి చూపు పోనిచ్చి, మర్యాదగా రెండడుగులు వెనక్కి వేశాడు.

"బల్ల మీద చోటు లేదు ఫాదర్," అన్నాడు. "ఎక్కడ పెట్టమంటారు?"